హీటర్ తగ్గించిందెవరు

మా ఆయనకు ఇరవై డిగ్రీలు చాలు. నాకు ఇరవై నాలుగు ఉంటేగాని పొద్దున మంచం దిగబుద్ధి కాదు. రియాద్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి ప్రతి చలికాలం ఈ గొడవ ఉన్నదే. హాలు గోడ మీద ఉన్న థర్మోస్టాట్ దగ్గర నిలబడి కాసేపు వాదించుకుని, చివరికి ఇరవై రెండు దగ్గర రాజీపడేవాళ్లం. గచ్చంతా చలువరాయి, గోడలు సిమెంటు. డిసెంబరు వచ్చిందంటే ఇల్లు ఇల్లంతా చల్లబడిపోతుంది.

ఆ ఏడు మా అత్త విజిట్ వీసా మీద వచ్చింది. మేము కడప వైపు దూదేకులవాళ్లం. నమాజు చదివినా ఇంట్లో మాట తెలుగే. అత్త తన చేత్తో కుట్టిన బొంతను పెట్టెలో మడిచి తెచ్చుకుంది. ఉమ్రా యాత్ర చేసుకుని పోవాలన్నది ఆమె కోరిక. జనవరి చివర్లో మక్కాకు తీసుకుపోతామని మా ఆయన మాట ఇచ్చాడు. పెద్దావిడకు చలి అని మేమిద్దరం మొదటిసారి ఏ వాదనా లేకుండా హీటర్‌ను ఇరవై ఆరుకు పెంచాం.

నేను ఇండియన్ స్కూల్లో పాఠాలు చెబుతాను. మా ఆయన ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. నేను స్కూలు బస్సు ఎక్కాక ఆయన మెట్రోకు బయల్దేరతాడు. అత్త వచ్చిన రెండో వారం అనుకుంటాను, మధ్యాహ్నం ఇంటికొచ్చి తలుపు తీసేసరికి ఇల్లు బయటికన్నా చల్లగా ఉంది. థర్మోస్టాట్ మీద పద్దెనిమిది. అత్త బొంత కప్పుకుని సోఫాలో ముడుచుకుని కూర్చుంది.

"ఇదెవరు తగ్గించినారత్తా?"

"నాకేం తెల్సు మే. అది దాని పాటికదే ఆడతాంది."

నాకు వెంటనే మా ఆయన మీద అనుమానం వచ్చింది. నా తర్వాత బయల్దేరేది ఆయనే కదా. సాయంత్రం అడిగితే షూ లేసు విప్పుతూనే ఎగిరిపడ్డాడు. "మా అమ్మ ఇంట్లో ఉంటే నేనెందుకు తగ్గిస్తా? నువ్వే తగ్గించి నామీద పెట్టడం లేదు కదా?"

ఆ మాటకు వంటింట్లోకి వెళ్లి గిన్నెలు గట్టిగా కడిగాను. మర్నాడూ అంతే. ఆ తర్వాత కూడా. నేను పెంచి వెళ్లడం, తిరిగొచ్చేసరికి పద్దెనిమిది. సాయంత్రం కొడుకు ముందు అత్త వణుకుతూ చేతులు రుద్దుకోవడం, ఆయన నావైపు అదోలా చూడటం. ఆ చూపే చాలు.

ఒకరోజు పొద్దున థర్మోస్టాట్ మీట మీద పిల్లల ప్రాజెక్టులకు వాడే టేపు ముక్క అతికించాను. తిరిగొచ్చి చూస్తే టేపు అక్కడే, చక్కగా అతికే ఉంది. అంకె మాత్రం పద్దెనిమిది. గోరుతో లేపి వెలుతురులో చూశాను. దాని జిగురుకు సన్నటి దూది పోగు అంటుకుని ఉంది. మా ఇంట్లో దూదితో పని ఉన్నది ఒక్క బొంతకే.

అంటే అత్తే. పగలంతా తనే చల్లబరుచుకుని, సాయంత్రం కొడుకు ముందు వణుకుతోంది. ఎందుకు? కోడలు చలితో చంపేస్తోందని చూపించడానికే అయ్యుంటుందని అనుకున్నాను. అలా అనుకున్నాక ప్రతి పనిలోనూ ఏదో ఒకటి కనబడసాగింది. ఆమె చున్నీ రోజూ తానే ఉతుక్కుంటోంది, వచ్చిన కొత్తలో వాషింగ్ మెషిన్‌లో వేసేది. బాత్రూంలో డెట్టాల్ వాసన. నేను గదిలోకి వెళ్తే దిండు కింద ఏదో తోసేస్తోంది. ఒకసారి ఫోన్‌లో మా ఆడబిడ్డతో గొంతు తగ్గించి అంటోంది: "చెప్పాకు మే. వానికి అసలే చెప్పాకు. ఆ పిల్లకీ తెలీకూడదు." నన్ను చూడగానే ఊళ్లో చింతపండు ధర మీదికి మాట మార్చింది.

మా ఆయనకు టేపు సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. తల్లి మీద చాడీ చెబుతున్నానంటాడని ఊరుకున్నాను. మూడు గదుల ఇంట్లో ముగ్గురం ఒకరినొకరు కనిపెట్టుకుంటూ తిరిగాం.

ఒకరోజు పొద్దున వాన మొదలైంది. ఇక్కడ గట్టి వాన పడితే రోడ్లు మునుగుతాయని స్కూళ్లు ముందే వదిలేస్తారు. పదకొండు కాకుండానే ఇంటికొచ్చాను. చప్పుడు చేయకుండా తాళం తిప్పాను. ఈసారి పట్టుకుంటాననే నా ఉద్దేశం.

హాల్లో ఎవరూ లేరు. వాష్‌బేసిన్ దగ్గర అత్త తల వంచి నిలబడి ఉంది. ముక్కు కింద చున్నీ అదుముకుంది. బేసిన్‌లో ఎర్రటి చారలు.

"అత్తా! ఏమైంది?"

ఆమె ఉలిక్కిపడి కొళాయి తిప్పేసింది. "ఏం కాలేదు. నువ్వు అప్పుడే యాల వచ్చినావు?"

కుర్చీ లాగి కూర్చోబెట్టాను. ముక్కు మెత్తగా పట్టుకుని ముందుకు వంచి ఉంచాను. కాసేపటికి రక్తం ఆగింది. అప్పుడు నోరు విప్పింది. వచ్చిన కొన్నాళ్ల నుంచే ఇలా కారుతోందట. రాత్రంతా వేడిగాలిలో పడుకుంటే తెల్లారి ముక్కు ఎండిపోయి పగులుతుందట. హీటర్ తగ్గిస్తే కాస్త నయం. అందుకని మేము పోగానే తగ్గించి, ఆ చలికి తట్టుకోలేక బొంత కప్పుకుంటోంది. ఫోన్‌లో కూతురితో ఎవరికీ చెప్పొద్దన్నదీ ఈ ముక్కు సంగతే, దిండు కింద దాచిందీ రక్తం తుడుచుకున్న గుడ్డలే.

"మాకెందుకు చెప్పలేదత్తా?"

"చెప్తే వాడేమంటాడు? ఆస్పత్రి అంటాడు, అమ్మకు ఈడ పడలేదంటాడు, టికెట్టు తీసి ఊరికి పంపించేస్తాడు. మక్కా చూడకుండా యాడికి పోయేది నేను?"

"నాకైనా చెప్పొచ్చు కదా."

ఆమె నా మొహంలోకి చూసింది, చెప్పాలా వద్దా అన్నట్టు. "నువ్వే కదా మే రోజూ పెంచేది. నేను తగ్గిస్తాంటే నువ్వు పెంచుతాంటివి. తొందరగా ఊరికి పంపాలని ఈ పిల్ల నన్ను ఉడకబెడ్తాంది అనుకొంటి."

నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. టేపు గురించి, దూది పోగు గురించి చెప్పాను. "ఆ టేపు నువ్వు పెట్టిందా? మిషనుకు అట్లే వస్తాదేమో అనుకొని మళ్లీ అతికిస్తి," అని ఆమె కూడా నవ్వబోయి, ముక్కు గుర్తొచ్చి చేత్తో పట్టుకుంది.

సాయంత్రం మా ఆయనకు నేనే చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు. ఇద్దరం కలిసి ఏదో దాస్తున్నామన్నట్టు మా మొహాలు మార్చి మార్చి చూశాడు. ఉతికి ఆరేసిన చున్నీ మరకలు చూశాక కుర్చీలో కూలబడ్డాడు. మర్నాడు డాక్టరు దగ్గరకు వెళ్లాం. పొడిగాలికి ముక్కు లోపలి పొర పగిలిందని, దానికి తోడు బీపీ కూడా ఎక్కువగానే ఉందని డాక్టరు చెప్పింది. మాత్రలు రాసింది, ముక్కులో పూసుకోవడానికి మందిచ్చింది. ప్రయాణానికి అడ్డేమీ లేదంది. ఆ ఒక్క మాట కోసం అత్త నాచేత డాక్టరును రెండుసార్లు అడిగించింది. నేను ఇంగ్లీషులో సరిగ్గా అడిగానో లేదోనని ఆమె అనుమానం.

ఇంట్లో ఇరవై ఒకటి ఖాయమైంది. అత్త మంచం పక్కన వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టాం. నేను స్వెటరు వేసుకోవడం మొదలుపెట్టాను. అనుకున్న వారంలోనే మక్కా వెళ్లాం. నా చెయ్యి పట్టుకుని అత్త మెల్లగా కాబా చుట్టూ తిరిగి తవాఫ్ పూర్తి చేసింది. ఒక్క చుక్క రక్తం రాలేదు.

రియాద్‌కు తిరిగొచ్చాక ఆమె ఏదీ దాచలేదు. నేను స్కూలు నుంచి రాగానే మొదలుపెట్టేది. మోకాలు లాగుతోందని, నడుము పట్టేసిందని, అరికాళ్లు మండుతున్నాయని. పక్కన కూర్చుని నూనె రాస్తుంటే నొప్పి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారేది. వాటిలో ఏది నిజమైన నొప్పో, ఏది నన్ను ఇంకాసేపు అక్కడే కూర్చోబెట్టుకోవడానికో నాకు అనుమానంగానే ఉండేది. అడగలేదు.