గోడ మీది నుంచి చూసిన బాలింత జింక

డెబ్బైల చివర్లో అరబ్బు దేశంలో, బహ్లా అనే ఊళ్లో ఒక ఖర్జూర తోట చుట్టూ మేం ప్రహరీ గోడ కడుతుండగా, ఆ తోటలో ఒక జింక ఈనింది. ఆ నెల రోజులూ నేను డ్యూటీకి పరుగెత్తుకుంటూ వెళ్లాను. కువైట్లో, దుబాయిలో, ఇంకా ఎన్ని చోట్ల పనిచేసినా అట్లా పరుగెత్తింది అక్కడొక్కచోటే.

నాది తాపీ పని. నాకు ఇసుక, సిమెంటు కలిపి అందించే మనిషి మా పక్క ఊరాయన. వరస లేకపోయినా నేను ఆయన్ని మామా అనేవాణ్ని, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఇంటి దగ్గర ఆయనది గొర్రెల మంద. నాలుగు కాళ్ల జీవం సంగతి ఏదైనా ఆయన్ని అడగాల్సిందే అనుకునేవాళ్లం. ఆయనా అట్లాగే అనుకునేవాడు.

తోటలో ఒక మూల ఇనుప కంచె వేసి ఆడజింకను పెంచుతున్నారు. సన్నటి నిటారు కొమ్ములు (అక్కడి జింకల్లో ఆడవాటికీ ఉంటాయి), తడి ఆరని పెద్ద కళ్లు. కంచె లోపల ఒక రేగు చెట్టు, దాని చుట్టూ మోకాలెత్తు గడ్డి. తోట యజమాని తల్లి, డెబ్బై ఏళ్ల ముసలామె, రోజూ తన చేత్తోనే దానికి మేత వేసేది. మేం గోడ మీద నిలబడితే ఆ కంచె మొత్తం కనిపించేది.

ఒకరోజు పొద్దున జింక మేత ముట్టకుండా అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. మామ పార పక్కన పెట్టి గోడ ఎక్కాడు.

"ఇయ్యాలనే ఈంతది, సూడు" అన్నాడు.

ఎవరూ చెప్పకుండానే అందరం సుత్తెలు ఆపేశాం. ముందు రెండు చిన్న గిట్టలు బయటికొచ్చాయి. కాసేపటికి పిల్ల మొత్తం గడ్డిలోకి జారింది. తడిసిన గుడ్డపీలికలా ఉంది. తల్లి దాన్ని ఒళ్లంతా నాకి ఆరబెట్టింది. అరగంట తిరిగేసరికి పిల్ల వణికే కాళ్ల మీద నిలబడి, రెండుసార్లు పడి, మూడోసారి పొదుగు అందుకుంది. నా చేతిలో తాపీ ఉందన్న సంగతే మరిచిపోయాను. సిమెంటు గట్టిపడిపోయింది.

ఆ తర్వాత జరిగింది మాకు అర్థం కాలేదు. పిల్ల తనంతట తాను రేగు చెట్టు కిందికి నడిచి గడ్డిలో ముడుచుకుంది. తల్లి దాన్ని వదిలేసి కంచె అవతలి చివరికి వెళ్లి, ఏమీ ఎరగనట్టు మేస్తూ నిలబడింది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. మామకు కాలు నిలవడం లేదు.

"అల్లుడా, తల్లి పిల్లను ఇడిశిపెట్టింది. మా గొర్రెలైతే గీపాటికి పిల్ల తల్లి ఎన్క ఎన్కనే తిరుగుతుండె. ఇంకింత సేపైతే ఇది బతకది."

ఎక్కడినుంచో మేకపాలు సంపాదించి, సీసాలో పోసుకుని కంచె దగ్గరికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. ముసలామె తలుపుకు అడ్డంగా కర్ర పెట్టి నిలబడింది. ఆమె అరబ్బీలో చెప్తుంటే కొడుకు తనకొచ్చిన హిందీలో మాకు చెప్పాడు. పోయినేడు ఇదే జింక ఈనినప్పుడు వాళ్లూ మామలాగే భయపడ్డారట. పిల్లను ఎత్తుకొచ్చి, చుట్టూ మూగి సీసాపాలు పట్టారట. జనాన్ని చూసి తల్లి దగ్గరికే రాలేదు. ఆ పాలు పడక పిల్ల మూడో రోజు పోయింది.

ముసలామె నా వైపు వేలు చూపి ఏదో అంది.

"నువ్వు ఎట్లాగూ గోడ మీదే ఉంటావు కదా, తల్లి వచ్చిందో లేదో చూసి చెప్పమంటోంది మా అమ్మ" అన్నాడు కొడుకు.

ఎన్ని రాళ్లు పేర్చానో గానీ నా చూపంతా ఆ గడ్డి మీదే. ఎండ కాస్త వాలాక జింక తలెత్తింది. నాలుగు దిక్కులా చూసింది. మేస్తున్నట్టు నటిస్తూ ఒక్కో అడుగే రేగు చెట్టు వైపు వచ్చి గొంతులోనే చిన్నగా పిలిచింది. గడ్డిలోంచి రెండు చెవులు లేచాయి. పిల్ల ఎగిరి వచ్చి పొదుగును కుమ్ముతూ తాగుతుంటే దాని తోక ఆగకుండా ఊగింది. తల్లి పిల్ల వెనక భాగమంతా నాకి మలమూత్రాలు కూడా శుభ్రం చేసేసింది, వాసన మిగలకుండా. పిల్ల మరో చోటు చూసుకుని పడుకుంది. తల్లి మళ్లీ దూరంగా వెళ్లిపోయింది.

నేను గోడ దిగి ఉరికాను. భాష రాక, దోసిట్లో నీళ్లు తాగినట్టు చేసి చూపించాను. ముసలామె నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

మామ ఆ పాలు తనే తాగేశాడు. "ఇడిశిపెట్టలే, దాశిపెట్టింది. గిసొంటి తెలివి మా గొర్లకు లేదురా" అన్నాడు.

అయిదో రోజు సాయంత్రం పని దిగే వేళ, కాలువ నీళ్లు తోటలోకి రావడానికి మేం గోడలో వదిలిన సందులోంచి ఒక నక్క దూరింది. కంచె కింద గుంటలోంచి పాక్కుంటూ లోపలికి కూడా వెళ్లిపోయింది. అప్పటికి నేనింకా గోడ మీదే ఉన్నాను. పిల్లకు అయిదారు అడుగుల దూరంలో అది వాసన చూస్తూ నిలబడింది. పిల్ల చెవి కూడా కదపలేదు. అరుద్దామంటే పిల్ల బెదిరి లేస్తుందేమోనని భయం.

ఇంతలో తల్లి వచ్చింది. అన్నేసి గంటలు పిల్లవైపు కన్నెత్తి చూడని ఆ జింక, తల వంచి కొమ్ములు ముందుకు పెట్టి నేరుగా నక్క మీదికే దూకింది. నక్క పక్కకు తప్పుకుంది. జింక ముందుకాళ్లతో నేల దబదబా తన్ని మళ్లీ దూకింది. మామ రాళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చేలోపే నక్క వచ్చిన దారినే పారిపోయింది. పిల్ల మాత్రం పడుకున్నచోటే ఉంది.

సందు వదిలింది మేమే కనుక ఎవరూ గదులకు కదలలేదు. చీకటి పడేలోపు ఇనుప చువ్వలు కోసి సందుకు జల్లెడలా బిగించాం. కంచె కింది గుంటను రాళ్లతో పూడ్చాం. ఓవర్‌టైమ్ మాట ఎవరి నోటా రాలేదు.

నెల తిరిగేసరికి పిల్ల గడ్డిలో దాక్కోవడం మానేసింది. తల్లితో పందెం వేసినట్టు కంచె చుట్టూ గిరగిరా తిరిగేది. ఒక్కోసారి పట్టరాని ఉత్సాహంతో నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లోకి ఎగరేసేది. ముసలామె తలముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

గోడ పూర్తయ్యాక కంపెనీ మమ్మల్ని ఖురియాత్ సైట్‌కు మార్చింది. సామానెత్తుకుని లారీ ఎక్కి నిలబడినా, మేం కట్టిన గోడ మా తలెత్తు దాటి ఉంది, లోపల ఏమీ కనిపించదు. మామ క్యాబిన్ మీద దబదబా కొట్టి డ్రైవర్‌ను ఆపమన్నాడు. ఎనిమిది మందిమి సిమెంటు బస్తాల మీదికెక్కి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని లోపలికి చూశాం. రెండూ పక్కపక్కన పరుగెడుతున్నాయి.