వేలికి దొరకని గోడ

ప్రేమమణి గారిని మొదటిసారి చూసినప్పుడు ఆవిడ కంప్యూటరు ముందు కూచుని, మౌసు ఎడంచేత్తో పట్టుకుని ఉన్నారు. ఎడంచేతి వాటం కాబోలు అనుకున్నాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పినప్పుడు చూశాను, కుడిచేత్తోనే తింటున్నారు. ముద్ద నోటిదాకా వెళ్లేలోపు ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది.

నేను అప్పుడే విజయనగరం నుంచి వచ్చి, సికింద్రాబాదు క్లాక్‌టవర్ దగ్గరున్న జీవరాజు గారి ఆఫీసులో జూనియర్ ఆర్కిటెక్టుగా చేరాను. ప్రేమమణి గారు అక్కడ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. ఆడమనిషైనా ఆఫీసు పేర్ల బోర్డు మీద ఆ మాటే రాసి ఉండేది. అందరూ మణక్కా అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచేదాన్ని.

ఆవిడది లాలాగూడ. నాన్న యేసుదాసు గారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. బాపట్ల వైపు నుంచి వచ్చి క్వార్టర్సులో స్థిరపడ్డ కుటుంబం. మణక్క పాలిటెక్నిక్ చదివి ఇరవై ఏళ్లకే ఈ ఆఫీసులో చేరింది. అప్పట్లో బొమ్మ గీయడమంటే వెడల్పాటి బల్ల, టీ-స్క్వేరు, ట్రేసింగు కాగితం, ఇంకు పెన్ను. తప్పు పడితే బ్లేడుతో ఇంకును గీకి, గోటితో నున్నగా రుద్ది, మళ్లీ గీయాలి. మణక్కకి బ్లేడుతో పెద్దగా పని పడేది కాదని పాతవాళ్లు చెప్పేవాళ్లు.

తొంభై అయిదులో ఒక వర్షపు సాయంత్రం మెట్టుగూడ దగ్గర బస్సు దిగుతూ జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఎముకైతే అతుక్కుంది గానీ చెయ్యి వణకడం మొదలెట్టింది. ఆఫీసుకొచ్చి పెన్ను పట్టుకుంటే గీత చీమ నడిచినట్టు వచ్చింది. జీవరాజు గారు మంచివారు, పొమ్మనలేదు. ఫోను బల్ల దగ్గర కూచోబెట్టారు. ఫోనెత్తడం, వచ్చిన ప్రింట్లు మడతపెట్టి కవర్లలో పెట్టడం ఆమె పని.

"జీతం ఇస్తున్నాడు గదే, దేవుడి దయ అనుకో," అంది వాళ్లమ్మ రోసమ్మ గారు.

"దయ వద్దమ్మా. నాకు పని కావాల."

ఏడాది తిరగకుండానే ఆఫీసుకి కంప్యూటరు వచ్చింది. దాని కోసం ఏసీ గది కట్టారు. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాలి. దాన్ని నడపడానికి తెచ్చిన ఆపరేటరు మూడు నెలలకే ఎక్కువ జీతానికి వేరే చోటికి వెళ్లిపోయాడు. మిగతా డ్రాఫ్ట్స్‌మన్లు ఆ గది వైపు చూసేవాళ్లే కాదు. వాళ్లలో పెద్దవాడు వీరయ్య గారు, "పెన్నుకి ప్రాణముంటది, దీనికేముంది?" అనేవారట.

మణక్క జీవరాజు గారి గదికెళ్లి, "అది నేను నేర్చుకుంటా సార్," అంది.

"నీ చెయ్యి వణుకుతుంది కదమ్మా."

"వణికేది చెయ్యి సార్. మిషను వణకదు కదా."

చిలకలగూడలో ఒక కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పొద్దున్నే అక్కడ క్లాసు, తర్వాత ఆఫీసు. చుట్టూ కాలేజీ పిల్లలు, మధ్యలో ముప్పై దాటిన ఈవిడ. మౌసు కుడిచేతిలో నిలవకపోతే ఎడంచేతికి మార్చుకుంది. గీత ఎక్కడ మొదలవుతుందో, ఎంత దూరం పోతుందో అంకెల్లో కొడితే చాలు, తెర మీద గీత వచ్చేస్తుంది. మొట్టమొదటి గీత వచ్చిన రోజున దాన్ని పెద్దది చేసి చూసిందట. ఇంకా పెద్దది చేసింది, ఇంకా. ఎక్కడైనా వణుకు దాక్కుందేమోనని వెతికింది. దొరకలేదు. ఆ సంగతి నాతో చెప్పినప్పుడు నవ్వింది గానీ, కళ్లు మాత్రం తెర మీంచి తిప్పలేదు.

నేను చేరేనాటికి ఆఫీసులో బల్లలన్నీ పోయి కంప్యూటర్లే మిగిలాయి. కొత్తగా వచ్చినవాళ్లందరికీ పని నేర్పేది మణక్కే.

రెండు వేల ఆరులో ఒక ట్రస్టు వాళ్లు వచ్చారు. చూపులేని పిల్లల కోసం బన్సీలాల్‌పేట్‌లో అద్దె ఇంట్లో బడి నడుపుతున్నారు. నేరేడ్‌మెట్‌లో ఎవరో స్థలమిచ్చారు. సొంత బడి కట్టుకోవాలి. ఆ బడి హెడ్మాస్టరు ఏసురత్నం గారికీ చూపు లేదు. చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయిందట. గుంటూరు యాస, వెటకారం, క్రికెట్ కామెంటరీ పిచ్చి.

జీవరాజు గారు చాలా ఇష్టంగా ఆలోచించారు. నడుమ పెద్ద గుండ్రటి హాలు, దాని చుట్టూ పువ్వు రేకుల్లా తరగతి గదులు. ఆ వంపులు గీసింది మణక్క. ఒక వంపులోంచి ఇంకో వంపు పుట్టినట్టు ఉండేది. "ఇది చేత్తో అయితే నా చెయ్యి మంచిగున్నప్పుడు సుత గీయలేకపోదును కామాక్షీ," అంది. పని అయిపోయాక కూడా ఆ ఫైలు తెరిచి చూసుకునేది.

కట్టాక బడి ఎలా ఉంటుందో చూపించే రంగుల బొమ్మ తయారుచేసింది నేను. నీలాకాశం, అద్దాల్లో మబ్బులు, పచ్చగడ్డి. మనుషుల బొమ్మలు సీడీలో దొరికినవి అతికించాను. అందరూ కోట్లు తొడుక్కున్న తెల్లవాళ్లే. నేరేడ్‌మెట్ బడి ముందు తెల్లదొరలు పెట్టెలు పట్టుకుని నడుస్తున్నారు. ట్రస్టు వాళ్లకి అది కనబడనేలేదు. బొమ్మ చూడగానే ఛైర్మన్ గారు, "అబ్బ, ఫారిన్ బడిలా ఉంది!" అన్నారు. అందరూ తలలూపారు.

మూల కుర్చీలో కూచున్న ఏసురత్నం గారు అన్నారు, "బాగానే ఉన్నట్టుంది. నాకూ చెప్పండి మరి."

జీవరాజు గారు చెప్పడం మొదలెట్టారు. "మధ్యలో విశాలమైన హాలండీ, గుండ్రంగా..."

"గుండ్రంగా అంటే ఎంత గుండ్రంగా? నేను గేట్లోంచి వచ్చి మూడో తరగతికి ఎట్టా పోవాల?"

జీవరాజు గారు చేతులతో గాల్లో చూపించబోయి ఆగిపోయారు. ఛైర్మన్ గారు "కట్టాక మీకే తెలుస్తుంది మాస్టారూ" అన్నారు. అందరూ టీ తాగి లేచారు.

మణక్క ఆయన్ని చెయ్యి పట్టుకుని ఆటోదాకా దింపింది. తిరిగొచ్చి ప్లాను ఫైలు తెరిచింది. తర్వాత, "ఆయన బడి అది. అందరికీ చూపించినం, ఆయనకి తప్ప," అంది.

మర్నాడు ప్లాను పెద్దగా ప్రింటు తీసి, గోడల గీతల వెంట ఫెవికాల్ పూసి పురికొస అతికించడం మొదలెట్టింది. చేతి వణుక్కి గోడలు పాముల్లా వచ్చాయి. నేను అతికిస్తానంటే వద్దంది. దాన్ని చుట్టి చెత్తబుట్టలో పడేసి, చెప్పులేసుకుని బయల్దేరింది.

"ఎక్కడికక్కా?"

"రాణిగంజ్. నేమ్‌బోర్డులు కోసే మిషను ఒకటుంది. అది కంప్యూటరు చెప్పిన గీత మీదే పోతది. నా ఫైలు దానికిస్తే గోడలు కోసియ్యదా?"

దుకాణంవాడు ఫైలు తెరిచి తలగోక్కున్నాడు. "ఏందమ్మా గిది? బోర్డు మీద పేరేది?"

"పేరు లేదు భాయ్. గోడలే. పల్చటి షీటులోంచి గోడలు కొయ్యి, ఇంకో షీటు మీద అతికియ్యి. వేలు పెడితే తగలాల."

"జెర పరేషాన్ పనే. కానీ చేస్తా."

మొదటిది చెడింది. డ్రాయింగులో ఉన్నదంతా మిషను కోసేసింది. కొలతల గీతలు, కుర్చీలు, మెట్లు, టైల్సు, అన్నీ. బన్సీలాల్‌పేట్ బడిలో ఏసురత్నం గారు దాని మీద వేళ్లు పెట్టి, "ఇది బిల్డింగా అమ్మా, దువ్వెన్ల దుకాణమా?" అన్నారు. పిల్లలు పడీపడీ నవ్వారు. మణక్కా నవ్వింది, కానీ వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో పళ్లు బిగించుకుని కూచుంది.

ఆఫీసుకి రాగానే డ్రాయింగులో కొలతలకొకటి, కుర్చీలకొకటిగా ఉండే పొరల్ని ఒక్కొక్కటే ఆపేయడం మొదలెట్టింది. కంటికి కావలసినవి వేరు, వేలికి కావలసినవి వేరు. కొలతలు తీసేసింది. కుర్చీలు తీసేసింది. గోడలు, తలుపుల సందులు, మెట్ల అంచులు మాత్రం ఉంచింది. రెండోసారి షీటు బాగా వచ్చింది.

ఏసురత్నం గారు షీటు మీద గేటు దగ్గర చూపుడువేలు పెట్టి నెమ్మదిగా లోపలికి కదిపారు. వరండా, తలుపు, హాలు. హాల్లోకి వెళ్లాక వేలు ఆగింది. కాస్త ఇటు, కాస్త అటు తిరిగి వచ్చిన తలుపు దగ్గరికే వచ్చింది. మళ్లీ వెళ్లింది. పెద్దమ్మాయిల్లో ఇద్దర్ని పిలిచి చూడమన్నారు. వాళ్ల వేళ్లూ హాలు నడుమ తిరుగుతూ ఉండిపోయాయి.

"ఇక్కడ నా వేలికి గోడ దొరకట్లేదమ్మా," అన్నారాయన. "గోడ పట్టుకుంటే అది వంపు తిరుగుతా పోతా ఉంది. ఎంత తిరిగానో, ఎటు మొహం పెట్టానో తెలియట్లేదు. ఈ హాల్లో పిల్లలు తప్పిపోతారు."

మణక్క తనూ ఆ హాలు గోడ వెంట వేలు తిప్పి చూసింది. ఆవిడ అంత ముచ్చటపడి గీసుకున్న వంపు అది. నేనైతే ఏదో సర్దిచెప్పేదాన్ని. ఆవిడ, "సరే మాస్టారూ. మారుద్దాం," అంది.

ఆ మాట విని జీవరాజు గారు మండిపడ్డారు. ఆఫీసులో ఆయన గొంతు పెద్దది కావడం నేను వినడం అదే మొదలు.

"నన్నడక్కుండా ఆయనకెందుకు చూపించావు?"

"ఆయన బడి సార్."

"ట్రస్టు ఒప్పుకుంది. ఆ రంగుల బొమ్మ పెట్టి చందాలు కూడా అడుగుతున్నారు. ఇప్పుడు మారుస్తామంటే ఏమనుకుంటారు? అయినా ఆ వంపు గీసింది నువ్వే కదా! నీకిష్టం కాదూ?"

"ఇష్టమే సార్. ప్రింటు తీసి మా ఇంట్లో గోడకి పెట్టుకుంటా. ఫైలు మార్చడం నాకు పెద్ద పని కాదు. కట్టిన గోడ పడగొట్టడం పెద్ద పని."

మణక్క షీటు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేసింది. సాయంత్రం నేను సంతకం కోసం వెళ్లేసరికి ఆయన తలుపు వైపు వీపు పెట్టుకుని, వేలు షీటు మీద కదుపుతున్నారు. నేను వచ్చినట్టు తెలియలేదు. తర్వాతి వారం కాగితాలూ పెన్సిలూ తెచ్చుకుని మణక్క పక్కన కుర్చీ వేసుకున్నారు. ఇద్దరూ రోజుల తరబడి వాదించుకున్నారు. ఏసురత్నం గారూ ఊరుకోలేదు. అన్నీ తిన్నని దారులే కావాలన్నారు, ప్రతి మూలకీ ఒక గంట కట్టమన్నారు. అన్ని గంటలు మోగితే పాఠం ఎవరు వింటారని మణక్క ఆయనతోనూ వాదించింది. చివరికి రెండు తిన్నని దారులు అడ్డంగా కలిసేలా వచ్చింది ప్లాను. దారి పొడుగూతా ఒక పక్క నున్నటి గోడ, దాని కింద కాలికి తెలిసేలా గరుకు షాబాద్ బండల పట్టీ. గుండ్రటి హాలు చిన్నదై ఒక పక్కకి జరిగి పాటలు పాడుకునే గది అయింది. ట్రస్టు ఛైర్మన్ ముఖం చిట్లించారు గానీ, ఏసురత్నం గారు కొత్త ప్లాను షీటు తెచ్చి ఆయన చేతికిచ్చి, "మీరూ కళ్లు మూసుకుని మూడో తరగతికి పోండి చూద్దాం," అన్నాక సరేనన్నారు.

అంతటితో అయిపోలేదు. కొత్త డ్రాయింగులు కాంట్రాక్టరుకి ఈమెయిలులో పంపాం. అందాయని ఫోన్లో కూడా చెప్పాడు. పునాదులు మొదలయ్యే రోజున మణక్కకి ఎందుకో నమ్మకం కుదరలేదు. నన్ను వెంటబెట్టుకుని నేరేడ్‌మెట్ వెళ్లింది. వెళ్లేసరికి నేల మీద ముగ్గుతో పెద్ద గుండ్రటి వలయం గీసి ఉంది. తవ్వడానికి కూలీలు గడ్డపారలు ఎత్తుతున్నారు.

"ఆపండి!" అని అరిచింది.

మేస్త్రీ ముసలయ్య పరుగున వచ్చాడు. "నాకొచ్చిన కాగితంలో ఇట్లనే ఉందమ్మా," అని చూపించాడు. నిజమే. పాత ప్రింటు. కాంట్రాక్టరు ఈమెయిలు తెరవనేలేదు. ఫోన్ చేస్తే, రేపు కొత్తది పంపిస్తాను, ఈలోగా కొంత తవ్వనివ్వండి, కూలీలు ఖాళీగా ఉంటే నష్టం అన్నాడు.

"ఒక్క గడ్డపార సుత దిగదు," అని మణక్క ఫోన్ పెట్టేసింది. సంచీలోంచి కొత్త ప్రింటూ, షీటూ తీసి ముసలయ్యకిచ్చింది. ఇద్దరూ కలిసి ముగ్గు చెరిపారు. మేకులు పీకి మళ్లీ దిగ్గొట్టారు. దారం బిగించేటప్పుడు ఒక కొస ముసలయ్య, ఇంకో కొస మణక్క పట్టుకున్నారు. కుడిచెయ్యి ఆడుతోందని రెండు చేతులతో పట్టుకుని ఛాతీకి ఆనించుకుంది. ఎండ మాడ్చేస్తోంది. నీడకి రమ్మంటే రాలేదు. తిన్నగా ముగ్గు పడేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

రెండు వేల తొమ్మిదిలో బడి తెరిచారు. ప్రార్థన అయ్యాక ఏసురత్నం గారు కర్ర మడిచి చంకలో పెట్టుకుని, గోడ మీద వేళ్లు ఆనించి జరుపుకుంటూ గేటు నుంచి మూడో తరగతికి నడిచారు. సగం దారిలో ఠప్‌మని ఆగారు. మోచెయ్యి ఇనప డబ్బాకి కొట్టుకుంది. ఎలక్ట్రీషియన్ తనకి వీలైన చోట స్విచ్చుల డబ్బా బిగించేశాడు.

"ప్రేమమణమ్మా! ఇది మీ షీటులో లేదే!" అని కేకేశారు.

అందరూ నవ్వారు. మణక్క నవ్వలేదు. మర్నాడే మనిషిని తీసుకెళ్లి ఆ డబ్బా పీకించి అటుపక్క గోడకి పెట్టించింది.

ఆ తర్వాత ఆసుపత్రి కట్టినా, బడి కట్టినా, ఇల్లు కట్టినా అలాంటి షీటు ఒకటి చేయించాలని మణక్క పట్టుబట్టేది. కొందరు క్లయింట్లు ఒప్పుకునేవారు, కొందరు రంగుల బొమ్మ చాలనేవారు. ఒప్పుకోని చోట ఆవిడే క్లయింటు ఇంటికి వెళ్లి, వంటావిడనీ, వాచ్‌మన్‌నీ, ముసలివాళ్లనీ కూచోబెట్టి, ప్లాను తెర మీద పెట్టి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి నడుస్తారో అడిగేది. నేనూ తెల్లదొరల సీడీ పక్కన పెట్టేసి, సికింద్రాబాదు స్టేషనుకెళ్లి మన జనం ఫొటోలు తీసుకొచ్చుకున్నాను.

రెండు వేల పదమూడులో నేను ఆ ఆఫీసు వదిలే నాటికి ఆవిడ చేతి వణుకు ఎక్కువైంది. ఇంకో చెయ్యి కూడా నొప్పి అనేది. వెళ్లొస్తానని చెప్పడానికి వెళితే ఆవిడ కరీంనగర్ కాంట్రాక్టరుతో ఫోన్లో ఉంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఎడంచేత్తో మౌసు కదుపుతూ, నన్ను కూచోమని కళ్లతో సైగ చేసింది.

"పంపినం అంటే సరిపోదు బాబూ," అంటోంది. "ఫైలు తెరువు. నేను లైన్లోనే ఉంటా. తెరిచినవా? ఇప్పుడు మెట్ల దగ్గరికి రా. ఏం కనబడుతుందో నాకు చెప్పు."