మాస్టారి ఫోను మోగితే నెట్టు పోయేది

మా ఎదురింటి మేడ మీద ఉండే మాస్టారు మొన్న ఆదివారం పోయారు. నిద్రలోనే పోయారని పాలు పోసే అవ్వ వచ్చి చెప్పింది. వారం తిరక్కుండానే కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టారు. మైకు పట్టుకున్న పెద్దమనిషి "చిరునవ్వుతో తన ఫోన్‌ను గల్లీ పిల్లల చదువులకు అంకితం చేసిన త్యాగమూర్తి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు! నాకు ఒళ్లు మండి లేచి వచ్చేశాను. చిరునవ్వు ఎవరు చూశారు? ఆ ఫోను మోగిన రోజు ఆయన పక్కన ఉన్నది నేను.

ఆయనది కాకినాడ వైపు. ఉప్పల్లో ఒక బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మా గల్లీ నాచారం ఫ్యాక్టరీల వెనకాల ఉంటుంది. మెయిన్ రోడ్డు మీది అపార్ట్‌మెంట్లకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, మా మలుపు దగ్గరికొచ్చేసరికి వైరు ఆగిపోయింది. కానీ ఫీజు ఆన్‌లైన్, ఫలితం ఆన్‌లైన్, హాల్‌టికెట్ ఆన్‌లైన్. ఎవరి కోసం పెట్టినట్టు?

మూడేళ్ల కిందట నా దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఉండేది. నెట్ వచ్చే ఫోను గల్లీ మొత్తానికి మాస్టారి దగ్గరే ఉండేది, కూతురు కొనిచ్చింది. కేబుల్‌తో ఆ ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఇంటర్నెట్ కదిలేది. కదిలేది అనే అనాలి, పరిగెత్తేది కాదు. అదీ ఆయన మేడ మీద, పిట్టగోడ మూలన పెడితేనే సిగ్నల్. ఇంకో చిక్కు ఏమిటంటే, మధ్యలో ఆ ఫోన్‌కు ఎవరైనా కాల్ చేశారా, నెట్ తెగిపోయేది. మళ్లీ మొదటి నుంచి.

దానికి మాస్టారు ఒక ఉపాయం పట్టారు. పూర్వం ఫోన్లు లేనివాళ్లు పక్కింటి నంబరు 'పీపీ' అని ఇచ్చుకునేవాళ్లు కదా, ఆయన చేతిలో మొబైల్ పెట్టుకుని చుట్టాలందరికీ కిందనున్న కిరాణా షాపు నంబరు పీపీగా ఇచ్చారు. షాపాయన ఊరుకుంటాడా?

"ఏంది సార్, సెల్లు నీది, సుట్టాలు నీవాళ్లు, ఉరుకుడేమో నాదా?"

"నా సెల్లు డ్యూటీలో ఉందయ్యా. నువ్వు ఖాళీయే కదా!"

"ఖాళీనా? ఉప్పు తూకం నువ్వేస్తవా మరి?"

ఇలా నవ్వుకునేవాళ్లు. అంతమాత్రాన ఆయన సంతోషంగా ఇచ్చారనుకోవద్దు. నాతో ఎన్నోసార్లు అన్నారు, "ఒరేయ్ విప్లవం, నా ఫోనుంది కదా అని మీరు వైరు అడగడం మానేస్తే, నేనే మీకు అన్యాయం చేసినట్టురా." నన్ను విప్లవం అనేవారు, నా సంచీలో ఎప్పుడూ కరపత్రాలుండేవని. వాటిలో రాసినవాటికంటే నాకు ఈ మాటే ఎక్కువ పనికొచ్చింది.

వైరు అడగడానికి ఆయనే నన్ను వెంటబెట్టుకుని బ్రాడ్‌బ్యాండ్ ఆఫీసుకు వచ్చారు. కౌంటర్లో కుర్రాడు తల కూడా ఎత్తలేదు. "కంప్లైంట్ ఆన్‌లైన్ల పెట్టుకోండ్రి" అన్నాడు. మా గల్లీకి ఇంటర్నెట్ లేదన్న ఫిర్యాదు ఇంటర్నెట్‌లో పెట్టాలట! నేను బల్ల గుద్దాను. మాస్టారు గుద్దలేదు. కానీ బయటికొచ్చాక, రాసి తెచ్చిన అర్జీని ఉండచుట్టి వాళ్ల గుమ్మంలోకే విసిరారు. ఆయనకు కోపం లేదని ఎవడన్నాడు?

ఇక ఆ రోజు సంగతి.

మేమే పిలుపిచ్చిన బంద్. నెట్ సెంటర్లన్నీ మూత. షాపుకూ షట్టర్ పడింది, అంటే పీపీ కూడా లేదు, ఎవరు చేసినా నేరుగా మాస్టారి సెల్లుకే. పచ్చళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే మా పక్కింటి అక్క కూతురికి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకోవడానికి అదే ఆఖరి రోజు. బంద్ కదా, గడువు పెంచుతారా అంటే చెప్పే నాథుడు లేడు. మధ్యాహ్నం ఎండలో, మాస్టారి మేడ మీద గొడుగు కింద ఆ పిల్ల ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

"నీ బంద్ బాగా జరుగుతోందిరా విప్లవం" అన్నారు మాస్టారు.

"జరగాలె సార్. బంద్ తప్పుగాదు, గీ గల్లీకి వైరెయ్యకపోవుడు తప్పు."

"అదీ నిజమే" అన్నారు.

కాలేజీల పేర్లు సగం ఎక్కించేసరికి ఫోను మోగింది. నెట్ పోయింది. ఆయన నంబరు చూసి కట్ చేశారు. నేను మళ్లీ కలిపాను. ఆ పిల్ల మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ మోగింది. మళ్లీ కట్.

"ఎవరు సార్? అర్జెంటేమో, మాట్లాడున్రి" అంది ఆ పిల్ల.

"మేనల్లుడమ్మా. నువ్వు కానివ్వు."

ఆయన అక్కయ్య కాకినాడలో ఆసుపత్రిలో ఉందని నాకు తెలుసు. దగ్గరికెళ్లి, "ఎత్తున్రి మాస్టారూ" అని గొణిగాను. ఆయన నా మీద విరుచుకుపడ్డారు. "ఎత్తితే మళ్లీ పోతుంది కదరా! ఆ పిల్ల సీటు నువ్విస్తావా? నోర్మూసుకుని తెర చూడు!" పెదవి కొరుక్కుంటూ, కళ్లు ఎర్రబడి, ఆ ఫోన్‌ను నలిపేసేలా చూస్తూ నిలబడ్డారు. మైకులో చెప్పిన చిరునవ్వు ఇదీ.

మూడోసారి మోగకముందే సేవ్ అయింది. ఆ పిల్ల వాళ్లమ్మకు చెప్పడానికి గంతులేస్తూ మెట్లు దిగింది. మర్నాడు పేపర్లో చూశాం, గడువు పెంచారు. ఒక్క ముక్క ముందురోజు చెబితే వాళ్ల సొమ్మేం పోయేది? ఆ పిల్లకు ఏమీ చెప్పొద్దని మాస్టారు నా దగ్గర మాట తీసుకున్నారు. ఆయన పోయాకే చెప్పాను. ఇప్పుడు ఆఖరి ఏడాది చదువుతోంది. చాలాసేపు ఏడ్చి, "త్యాగమని మాత్రం రాయకు అన్నా. ఎవలు గుంజుకున్నరో రాయి" అంది.

రాస్తున్నాను. ఒక మనిషి తన అక్క మాటకూ పక్కింటి పిల్ల చదువుకూ మధ్య నిలబడి ఒకటి వదులుకోవాల్సి వచ్చింది. వేయాల్సిన వైరు వేయనివాళ్లు ఆయన్ని అక్కడ నిలబెట్టారు. దీనికి దండలు వేయకండి.

ఆ పిల్ల దిగిపోగానే మాస్టారు కాకినాడకు ఫోన్ కలిపారు. కేబుల్ ఊడదీయాలని కూడా తోచలేదు. తీగ అందినంత మేరకు వంగి, కాలుతున్న పిట్టగోడకు చెంప ఆనించి విన్నారు. అవతల ఎవరో ఏడుస్తున్నారు. "అక్కకివ్వరా... ఒక్కసారి చెవి దగ్గర పెట్టరా" అంటున్నారు ఈయన. "ఇందాకే పోయింది మావయ్యా" అన్న మాట నాక్కూడా వినబడింది. ఆ తర్వాత కూడా ఆయన అలాగే వంగి, చిన్నప్పటి ముద్దుపేరుతో అక్కను పిలుస్తూనే ఉన్నారు.