బాబాయి చేతిపట్టీ

యముణ్ణి ఫోన్‌లోనే తిప్పి పంపిన మొనగాడు మా బాబాయి. ఆయన గోదాము వాచ్‌మన్. కంపెనీ కట్టిన చేతిపట్టీ ఆయన ఎక్కడున్నాడో, గుండె ఎలా కొట్టుకుంటోందో ఆఫీసుకు చెప్పేస్తుంది. పిన్ని ఆసుపత్రిలో ఉన్నా సెలవివ్వలేదు.

అప్పుడే డ్యూటీ దిగిన స్నేహితుడు, "వెళ్లు బావా, మా చెల్లెమ్మని చూసిరా. నీ చేతికున్న ఆ గొలుసు నాకు కట్టు. నా గుండె నీకంటే బుద్ధిగా డ్యూటీ చేస్తుంది" అన్నాడు.

బాబాయి పిన్ని మంచం పక్కన కూర్చున్నాడో లేదో, ఆఫీసు నుంచి ఫోన్.

"మీ గుండె ఆగిపోతున్నట్టు చూపిస్తోంది. డాక్టర్ని పంపమంటారా?"

దొరికిపోతానన్న భయంతో, "అక్కర్లేదు సార్, పట్టీ వదులైంది" అన్నాడు.

తిరిగి వెళ్లేసరికి స్నేహితుడు కుర్చీలోనే చల్లబడిపోయి ఉన్నాడు.

ఈ కథ నేనెప్పుడు గొప్పగా మొదలుపెట్టినా బాబాయి ఒకటే దిద్దుతాడు: "నేను వద్దన్నది యముణ్ణి కాదురా. డాక్టర్ని."