మాఫీ ఎవరు చేశారని అడిగిన పెద్దమ్మ

పోయిన ఆదివారం చర్చికి బయలుదేరుతుంటే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దమ్మ పోయింది" అన్నాడు. భద్రాచలం దవాఖానాలో కొన్నాళ్లుగా ఉంటోంది కాబట్టి ఊహించని కబురేం కాదు. అయినా అరుగు మీదే కూర్చుండిపోయాను. చివరిదాకా తెలివిలోనే ఉందట. సెలైన్ సీసా మార్చడానికి వచ్చిన నర్సును, ఇందులో ఉప్పెంత ఉంటది బిడ్డా అని అడిగిందట. ఆ పిల్ల ఏం చెప్పిందో తమ్ముడికి గుర్తు లేదు. నాకు మాత్రం అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పిల్లలు లేరు. పెద్దనాన్న బొగ్గు గనిలో కార్మికుడు, ఆమెకు ఇల్లూ, చర్చీ, ప్రశ్నలూ. బస్సెక్కితే కండక్టర్ని టికెట్ మిషన్‌లో కాగితం అయిపోతే ఏం చేస్తావని అడిగేది. గోదావరికి వరదొచ్చి ఊరంతా మూటలు సర్దుకుంటుంటే, ఆ నీళ్లు ఇన్ని అడుగులని ఎక్కడ నిలబడి కొలుస్తారని ఆఫీసువాళ్లను ఆపి అడిగిన మనిషి. మా అమ్మ తల పట్టుకునేది. "తెల్వకుంటె అడగాలె గదనే. సిగ్గెందుకు?" అనేది పెద్దమ్మ. ఆమెతో బయటికి వెళ్లాలంటే నాకూ చిరాకే. ఇప్పుడు ఆ చిరాకు కోసం వెతుక్కుంటున్నాను.

కొన్నేళ్ల కింద పెద్దనాన్న గుండెపోటుతో పోయాడు. ఇంటి మీద గది వేయడానికి కార్మికుల పొదుపు సంఘంలో ఆయన తీసుకున్న అప్పు ఇంకా సగం మిగిలే ఉంది. ఆదరణ కూడిక అయ్యాక పెద్దమ్మ సంఘం ఆఫీసుకు వెళితే, గుమస్తా ఆమెను కూర్చోబెట్టి, "అది మాఫ్ అయింది పెద్దమ్మా, మీరేం కట్టొద్దు" అన్నాడు. ఇంకెవరైనా అయితే కళ్లు తుడుచుకుని ఇంటికొచ్చేవాళ్లు. ఈమె ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసింది.

"మాఫ్ చేసిన పైసలు ఆయనకు వచ్చినట్టె గదనే. వచ్చిన పైసలకు పన్ను పడదా?"

"పెద్దమ్మా, ఊకో" అన్నాను.

"రోజూ ప్రార్థనల అప్పులు మాఫ్ చెయ్యమని అడుగుతం. మాఫ్ అయినంక ఏం జెయ్యాల్నో మాత్రం ఏ పాస్టరు చెప్పలే."

ఆమె భయం వట్టిది కాదు. కాలనీలో ఎవరో, లెక్కల్లో చూపకపోతే పోయినవాళ్ల పేరు మీద కూడా నోటీసు వస్తుందని, చివరికి అది ఇంటి మీదికి వస్తుందని చెప్పారు. ఆ ఇల్లు తప్ప ఆమెకేమీ లేదు. ఇంటికన్నా ఎక్కువగా ఆమెను తొలిచింది ఇంకొకటి. "ఆయన బతికినన్నాళ్లు ఎవరికీ తప్పు లెక్క చెప్పలే. ఆఖరి లెక్క తప్పు పోవద్దు" అంది. ఆ మాట తర్వాత నేను ఊకోమని అనలేకపోయాను. ఖమ్మంలో మాకు తెలిసిన ఆడిటర్ సార్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన ఓపిక గల మనిషి. పెద్దనాన్న పోయిన ఏటికి ఆయన పేరు మీద రిటర్ను వారసురాలిగా ఆమే వేయాలన్నాడు. అప్పు సంగతి అడిగితే, "ఎవరు మాఫ్ చేసిండ్రన్నదాని మీద ఉంటదమ్మా. పనిలో పెట్టుకున్న కంపెనీ వదిలేస్తె జీతం కింద లెక్కకు రావచ్చు. ఇన్సూరెన్స్ కట్టి ఉంటె అది మాఫీయే కాదు. సంఘం వదిలేస్తె ఇంకో తీరు. ముందు ఎవరో కనుక్కోండి" అన్నాడు.

ఇంకేం, పెద్దమ్మకు పని దొరికింది. సంఘం ఆఫీసు బల్ల మీద పోయి కూర్చునేది. కంపెనీయా అని అడిగితే గుమస్తా కాదనేవాడు. ఇన్సూరెన్సా అంటే కాదనేవాడు. మరి సంఘమేనా అంటే ఫ్యాను వైపు చూసేవాడు. "ఎవ్వలు చెయ్యకుంట మాఫ్ ఎట్లైతది నాయనా?" అని ఆమె మర్నాడు మళ్లీ వెళ్లేది. ఆ రోజుల్లో ఒకసారి నేనూ పక్కనే ఉన్నాను. గుమస్తా చివరికి పెన్ను కింద పెట్టి, "మాఫ్ కాలేదమ్మా. ఆయన అప్పుకు జామీనున్న ఇద్దరి జీతాలకెళ్లి కోత పడుతున్నది. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నరు" అన్నాడు.

గనిలో ఒక పద్ధతి ఉంది. సంఘంలో అప్పు కావాలంటే తోటి కార్మికులు ఇద్దరు జామీను సంతకం పెట్టాలి. ఎవరిని పడితే వాళ్లను అడగరు. ఒకే షిఫ్టులో కిందికి దిగి, ఒకే బొగ్గు కప్పు కింద పని చేసేవాళ్లనే అడుగుతారు. అప్పు తీసుకున్నవాడు కట్టలేకపోతే ఆ బరువు వాళ్లది. అయితే పోయిన మనిషి ఇంటికి వెళ్లి వసూలు చేసుకునే హక్కు కూడా వాళ్లకుంటుంది. ఆ హక్కునే వాళ్లిద్దరూ వదిలేసుకున్నారు, పైగా ఆమెకు తెలియకుండా.

ఆడిటర్ సార్ ఇదంతా మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. తర్వాత, సంఘం మాఫ్ చేయలేదు కాబట్టి పెద్దనాన్న రిటర్నులో చూపాల్సిందేమీ లేదన్నాడు. ఆ ఇద్దరూ ఆమె కోసం వదిలేసినది కానుక లాంటిదనుకున్నా, బయటివాళ్ల కానుకకు ఏడాదికి ఒక హద్దు ఉంటుందని, ఇది ఆ హద్దు లోపలేనని లెక్క చూసి చెప్పాడు. పన్ను లేదు, ఇల్లు భద్రం. నేను ఊపిరి పీల్చుకున్నాను. పెద్దమ్మ మాత్రం, "పన్ను లేదు సరే. వాళ్లు ఎందుకు కట్టిండ్రు?" అంది.

అడగడానికి చర్ల దాకా వెళ్లాం. ఇద్దరిలో పెద్దాయన ఆ నెలలోనే రిటైరై అడవి అంచున తన ఊళ్లో పోడు భూమి చేసుకుంటున్నాడు. ఇంకా గనిలోనే ఉన్న రెండో ఆయనను, చిన్నాయనను, కూడా పెద్దమ్మ వెంటపెట్టుకొచ్చింది. రోడ్డు పాడై ఒళ్లు హూనమైంది. పెద్దాయన భార్యతో కోయ భాషలో ఏదో చెప్పి మాకు నీళ్లిప్పించాడు. పెద్దమ్మ నీళ్లు తాగకుండానే మొదలుపెట్టింది.

"మీ ఇంటాయన ఒకనాడు గనిల కప్పు తట్టి, సప్పుడు విని మమ్ముల ముందటికి పోవద్దని ఆపిండమ్మా" అన్నాడు పెద్దాయన. "ఆగినం. మేం నిలబడేటి జాగల కప్పు కూలింది."

"అది వేరె, ఇది వేరె. ఆపినందుకు ఆయన మిమ్ముల పైసలడిగిండా?"

"మేం గూడ మిమ్ముల అడుగుతలేం గద."

పెద్దమ్మకు ప్రశ్న దొరక్కపోవడం నేను చూసింది అప్పుడే. అప్పటిదాకా ముట్టని నీళ్ల గ్లాసు ఎత్తి మొత్తం తాగేసింది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు.

అయినా ఆమె ఆమే. పెన్షను అందిన ప్రతిసారీ కొంత తీసుకుని వాళ్లకివ్వడానికి బయలుదేరేది. వాళ్లు వద్దనేవాళ్లు. "తీసుకోకుంటె ఈడనే కూసుంట. ఈ ఇంట్ల ఉన్న ఒక్కొక్క సామాను ఎంతకు కొన్నరో అడుగుత" అని బెదిరించిందట. దాంతో ఇద్దరూ దండం పెట్టి లొంగిపోయారు. మొత్తం తీరిన రోజు చిన్నాయన, ఇంత పట్టుదల ఎందుకమ్మా అంటే, "రేపు నేను పోతె మీరు మల్ల మాఫ్ చేస్తరు. అప్పుడు మీకు పన్ను సంగతి ఎవరు అడిగిపెడుతరు?" అంది. ఈ మాట చిన్నాయన మొన్న సమాధుల తోటలో నాతో చెప్పి నవ్వబోయి ఆగిపోయాడు.

సోమవారం పెద్దమ్మను పెద్దనాన్న పక్కనే ఉంచాలని గొయ్యి తీయించాం. అంతకుముందు రెండు రోజులు వాన. పెట్టె దించబోతుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. చర్ల నుంచి బస్సులు మారి వచ్చిన మనిషి, వయసు మీద పడిన మనిషి. చెప్పులు విడిచి, గడ్డపార తీసుకుని గొయ్యిలోకి దిగాడు. ఒక పక్క మట్టిని గడ్డపారతో తట్టాడు, తల వంచి విన్నాడు. రెండో పక్కకు జరిగి మళ్లీ తట్టాడు. గనిలో కప్పు కింద నిలబడే ముందు చేసే పనే అది. పాస్టరుగారికి తెలియదు పాపం. "ఆయన మీకేమైతడమ్మా?" అని నన్ను అడిగారు.

"మా పెద్దనాన్నకు జామీనున్నాయన" అన్నాను.

పాస్టరుగారు బైబిలు మూసి ఆగారు. అందరం ఆగాం. పెద్దాయన నాలుగు పక్కలూ విన్నాక గడ్డపార పైకి అందించాడు.

"గట్టిగనే ఉన్నది. దింపుండ్రి" అన్నాడు. పెట్టెను కింది నుంచి అందుకోవడానికి అక్కడే, చేతులు పైకి చాచి నిలబడ్డాడు.