నీలం ముగ్గు మీద వేలు

కాకినాడలో మా కాలేజీకి వచ్చి వాతావరణ మార్పుల మీద వర్క్‌షాపులు నడిపిన మేడమ్‌గారు పిల్లల్ని కూడా ‘అండీ’ అనే పిలిచేవారు. మేం ఏ ఉపాయం చెప్పినా మెచ్చుకుని, వెంటనే ఒకటే అడిగేవారు: “బావుందండీ. మరి దీనివల్ల ఎవరికి కష్టం?”

ఒకరోజు హాల్లో నేల మీద ముగ్గుపొడితో మన తీరం పటం వేయించారు. సముద్రం కోసేస్తున్న రోడ్డును కాపాడాలి. పొలాలున్న ఇళ్ల నుంచి వచ్చిన మేం కొందరం పటంలో ఆ రోడ్డు వెంట చకచకా గులకరాళ్లు పేర్చి గోడ కట్టేశాం. ఆవిడ అదే ప్రశ్న వేశారు.

మా గ్రూపులోనే, అంతవరకూ నోరు విప్పని మత్స్యకారులమ్మాయి, “మాకేనండి,” అంది. “ఇలాగే రాళ్లు వేశాక అలలు మా ఊరి మీదికి తిరిగాయండి. మా ఇల్లు పోయింది.”

“ఎక్కడుండేది?” అన్నాను.

తను వంగి, మేం సముద్రమని నీలం ముగ్గు పోసినచోట వేలు పెట్టింది.

మేడమ్‌గారు ముగ్గు గిన్నె ఆ అమ్మాయి చేతికిచ్చి, మా మధ్య నేల మీద చతికిలబడ్డారు. “మీ ఊరు నిలబడాలంటే ఏం చెయ్యాలో చెప్పండమ్మా. మేం వింటాం.”

అంత చదివిన మనిషి తలెత్తి ఒక చిన్నపిల్ల మాట కోసం అలా కాచుక్కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. మేం పేర్చిన రాళ్లు మేమే తీసేసి, ఆ అమ్మాయి వాకిలి నుంచి పటం మళ్లీ మొదలుపెట్టాం.