రెండు ముక్కల్లో రెటీనా

సొంత అన్న మొదటి సినిమాను కొబ్బరికాయ కూడా కొట్టకముందే ఆపించిన చెల్లెలు ఫిల్మ్‌నగర్‌లో నేను కాక ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దండం పెట్టుకుంటాను.

మాది యూసుఫ్‌గూడ. అన్న పదకొండేళ్ళు వేరేవాళ్ళ సినిమాలకు సహాయ దర్శకుడిగా ఎండలో మాడాడు. చివరికి జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత కథ వింటానన్నారు. కథలో హీరోయిన్ రెటీనా పరిశోధకురాలు. అప్పట్లో నా పరిశోధనా దానిమీదే కాబట్టి నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు.

"చెల్లె, ఆమె ఏం చేస్తదో రెండు ముక్కల్ల చెప్పు, చాలు. సారు టీ తాగేలోపు నేను ఇంటర్వెల్ కాడికి పోవాలె."

"గంతేనా? ఫికర్ చెయ్యకు."

ఆ గది మీరు చూడాల్సింది! అద్దాల బయట సన్నటి వాన, కొండరాళ్ళ మధ్య మసకబారిన మేడలు, లోపల కూర్చుంటే కూరుకుపోయే సోఫా. అన్న మొదటి సీను చెప్పగానే నిర్మాత నావైపు తిరిగారు.

"ఏంటమ్మా ఆ పరిశోధన?"

"కంట్లో కొన్ని కణాలు పక్కవాటిని ఆగమంటాయండీ. అలా ఆపేవి లేకపోతే చూపు అలుక్కుపోతుంది."

రెండు ముక్కలూ అయిపోయాయి. నోరు మూసుకోవాలా, వద్దా? వానను చూస్తూ ఎటో తేలిపోయాను.

"ఆగమని చెప్పే రసాయనాల్లో మొదటిది గాబా అండీ. దాన్ని అందుకునే గ్రాహకాలే కణానికో రకం. ఒక రకం చప్పున ఆపి వదిలేస్తుంది. ఇంకో రకం మెల్లగా పట్టుకుని ఎంతకీ వదలదు..."

అన్న దగ్గాడు. నేను గ్లైసిన్ అనే రెండో రసాయనంలోకి దిగాను. అన్న కాలు తొక్కాడు. కాలు పక్కకు జరుపుకున్నాను. నిజం చెబుతున్నాను, అప్పుడు నేను సోఫాలో లేను, కణాల మధ్య వెన్నెల్లో నడుస్తున్నాను. అన్న గుడ్లురిమి చూశాడు. ఆ కళ్ళు చూడగానే ఇంకా ఉత్సాహం వచ్చి మరో పావుగంట చెప్పాను.

నిర్మాత ఖాళీ కప్పు బల్లమీద పెట్టి లేచారు. "చాలా బావుందమ్మా. కానీ బాబూ, ఇంత చదువు మన జనానికి ఎక్కదు. ఇంకేదైనా కథ ఉంటే చూద్దాంలే."

గేటు బయట వానలో నిలబడ్డాం. అన్న మొహం చూడలేక నాకు ఏడుపొచ్చింది.

"ఆగమని ఒక్కమాట చెప్పొద్దా అన్నా?"

"దగ్గి చెప్పిన, తొక్కి చెప్పిన, గుడ్లురిమి చెప్పిన. మూడు తీర్ల ఆగమన్న! నీకు ఒక్కదానికన్న గ్రాహకం లేదా చెల్లె?"

నా పాఠమంతా శ్రద్ధగా విన్నది పాపం అన్న ఒక్కడే. అందుకే నా రెండు రెటీనాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట పక్కవాళ్ళు జలుబు చేసి దగ్గినా సరే, మాట మధ్యలోనే ఆపేస్తాను.